వెనుకకు కట్టిన ముఖము



2024వ సంవత్సరము నవంబరు 29వ తేదీ ఉదయమున, కాగజ్‌నగర్ మండలములోని గన్నారము కడ పత్తి యేఱుచున్న యొక యువతిని పులి చంపినది. మఱునాడు సిర్పూరు మండలములోని దుబ్బగూడ కడ చేనిలో నున్న యొక రైతును గాయపఱచినది. అటుపిమ్మట అటవీశాఖవారు ఆ చుట్టుప్రక్కల ఊళ్లలోని రైతులకును కూలీలకును మనుష్యముఖము అచ్చువేసిన ముసుగులు పంచిపెట్టి, వానిని ముఖమునకు గాక తలవెనుకకు కట్టుకొమ్మనిరి. ముసుగుతోపాటు మఱి రెండు మాటలు కూడ చెప్పిరి. ఒంటరిగా పోవలదు, గుంపుగా పొండు. ప్రొద్దు బాగుగా ఎక్కినపిదప పోయి, ప్రొద్దు వ్రాలకముందే ఇల్లు చేరుడు. ఈ రెండు మాటలను శ్రోతలు మనసున నుంచుకొనవలెను. వీనితో మనకు ముందు పని యున్నది.

ఈ ముసుగుల సంగతి విని కొందఱు నవ్విరి. కొందఱు మెచ్చుకొనిరి. నన్ను కలిసినవారిలో పెక్కురు, “ఇది పనిచేయునా, చేయదా? ఒక్కమాటలో చెప్పుము” అని యడిగిరి. ఒక్కమాటలో చెప్పవచ్చును గాని ఆ మాటకు విలువ యుండదు. ఇది ప్రొద్దుపుచ్చుటకు అడుగు ప్రశ్న కాదు గదా! ముసుగు నిజముగా ప్రాణము కాచునదైనచో, దానిని నవ్వి మూల పడవైచిన ఊరు తన బిడ్డలను తానే పోగొట్టుకొనును. అట్లు కానిదైనచో, దానిని నమ్మి ఒంటరిగా చేనికి పోయిన ఆడకూతురి గతి యేమి? అందుచేత జవాబు కంటె ముందు, జవాబును వెదకు త్రోవ యెట్టిదో, ఆ త్రోవలో మనలను ప్రక్కకు లాగు సంగతులెట్టివో నేడు ముచ్చటింపదలచితిని.

మొదట ఈ ఉపాయము వెనుకనున్న యూహను చూతము. పులి పొంచి కొట్టు జంతువు. జింకను గాని పశువును గాని తఱుముకొని చాల దూరము పరుగెత్తదు. పొదచాటున, గడ్డిచాటున ఒదిగి యొదిగి సమీపించి, వెనుకనుండియో ప్రక్కనుండియో దుమికి మెడ పట్టును. తన్ను ముందుగా చూచిన జంతువును అది పలుమాఱులు విడిచిపోవును. చాటు పోయినచో వేట సగము చెడినట్లే. కావున వీపువైపున కూడ రెండు కన్నులు కనబడినచో పులి, “ఇది నన్ను చూచుచున్నది” అని యనుకొని వెనుదిరుగునని యూహ. ఇట్టి దొంగకన్నులు ప్రకృతిలో కొల్లలు. చెన్నూరు, మహాదేవపురము ప్రాంతములలో మద్దిచెట్లపై దసలి పట్టు పెంచువారికి ఈ మాట నేను చెప్పనక్కఱలేదు. దసలి కాయను చీల్చుకొని వెలువడిన చిలుక ఱెక్కలు విప్పినపుడు, నాలుగు ఱెక్కలమీదను నాలుగు గుండ్రని కన్నులు తెఱచినట్లుండును. అవి పక్షులను బెదరించుటకే యేర్పడినవని పలువురు శాస్త్రజ్ఞుల యభిప్రాయము.

ఊహ బాగున్నది. అయితే పులి ఆ యూహను అంగీకరించినదా? ఇందుకు సాక్ష్యముగా అందఱును చూపునది వంగదేశపు సుందరవనములు. అచ్చట గంగానది సముద్రమున గలియుచోట, తేనె తీయుటకును కట్టెలు కొట్టుటకును చేపలు పట్టుటకును అడవిలోనికి పోవువారిని పులులు ఏటేట చంపుచుండెను. 1986వ సంవత్సరమున అచ్చటి అధికారులు పనివారికి ఇట్టి ముసుగులే యిచ్చి తలవెనుకకు కట్టించిరి. 1989లో వారు చెప్పిన లెక్క యిది: మూడేండ్లలో ముసుగు కట్టినవారిలో ఒక్కరిని కూడ పులి చంపలేదు; కడపటి పదునెనిమిది నెలలలోనే ముసుగు లేనివారిలో 29 మంది హతులైరి. ఈ లెక్క దేశదేశముల పత్రికల కెక్కినది. కాగజ్‌నగరము వఱకు వచ్చిన ముసుగునకు మూలము కూడ ఇదియే.

ఒకవైపు సున్న, ఒకవైపు 29. ఇంతకంటె ఏమి కావలెననిపించును. కాని ఒక నిమిషము నిలిచి, ముసుగు కట్టినవారెవరు, కట్టనివారెవరు అని యడుగుడు. ముసుగు ఇచ్చినది అధికారులు. దానిని పుచ్చుకొనవలెనన్న వారి కంటబడవలెను. అనగా అనుమతి చీటీ పొంది, తెలిసిన దారిన, జట్టుగా పోవువాడై యుండవలెను. చీటీ లేక దొంగచాటుగా, వేళగాని వేళలో, లోతట్టునకు పోవు నిఱుపేద ముసుగు కొఱకు అధికారి యెదుట నిలుచునా? అట్లయినచో ఈ రెండు తెగలకును భేదము ముసుగొక్కటే కాదు. పోవు చోటు వేఱు, వేళ వేఱు, తోడు వేఱు. పులి దేనిని చూచి విడిచినది? దేనిని చూచి పట్టినది?

ఇంకొకటి. ఆ యేండ్లలోనే సుందరవనములలో మఱికొన్ని ప్రయత్నములు కూడ జరిగినవి. ఉప్పునీరు త్రాగి త్రాగి పులులకు ఉద్రేకము హెచ్చుచున్నదను నూహతో అడవిలో మంచినీటి గుంటలు త్రవ్వించిరి. మనుష్యులవంటి మట్టిబొమ్మలు చేసి, వానికి పనివారు తొడిగి విడిచిన బట్టలు తొడిగించి, విద్యుత్తు తీగె చుట్టి నిలిపిరి. పులి మీదపడినచో దెబ్బ తగిలి మనిషియనిన భయము కలుగునని. ఆ పాతబట్టల సంగతి నాకు మిక్కిలి నచ్చినది. బొమ్మకు రూపమే గాక వాసన కూడ కావలెనని ఎవరికో తోచినది, అది శాస్త్రబుద్ధి. అయితే గుంటలు, బొమ్మలు, ముసుగులు అన్నియు ఇంచుమించు ఒకే కాలమున వచ్చుటచేత, చావులు తగ్గినచో ఆ ఘనత దేనికి కట్టవలెనో తేల్చుట దుస్తరమైనది.

ఈ చిక్కు మీకు క్రొత్తది కాదు. ఈ యేడు క్రొత్త పత్తివిత్తనము వేసితిరనుకొందము. పంట హెచ్చినది. విత్తనము మంచిదందురా? వాన కూడ ఈ యేడే అదనుకు పడినది. నిరుడు వేసినది ఎఱ్ఱచెలక, ఈ యేడు వేసినది నల్లరేగడి. నిరుడు పెంట తోలలేదు, ఈ యేడు తోలితిరి. తెలివిగల రైతు ఏమి చేయును? ఒకే చేనిని రెండు చేసి, ఒకే దినమున విత్తి, ఒకే ఎరువు వైచి, ఒకవైపు పాత విత్తనము, ఒకవైపు క్రొత్త విత్తనము వేయును. ఇంకను తెలివిగలవాడు, ఒర్రె ప్రక్కనున్న సగమునకు తేమ యెక్కువ గదా యని తలచి, సగము సగముగా గాక నాలుగు సాళ్లు ఇది, నాలుగు సాళ్లు అది మార్చి మార్చి వేయును. శాస్త్రజ్ఞుడు చేయునదియు ఇంతియే. మాఱు నంశమును వారు చరరాశి యందురు. విత్తనము మనము కోరి మార్చిన చరరాశి. పంట, మనము కొలువబోవు చరరాశి. వాన, నేల, ఎరువు, తేమ అనునవి మనము పిలువకయే వచ్చి కూర్చున్న చరరాశులు. ఈ పిలువని చుట్టములలో ఏదైనను మనము మార్చిన దానితో జతకట్టి నడచినచో, ఫలితము ఎవరిదో తెలియదు. వరిమడిలో ఊద మొలచినట్లు, వెన్ను తీయువఱకు పైరేదో కలుపేదో గుర్తుపట్టలేము.

మన పూర్వులు దీనికొక పేరు పెట్టియున్నారు. మంథని, ధర్మపురి క్షేత్రములలో తర్కము చదివిన పండితుల నడుగుడు. “ఉపాధి” యని చెప్పుదురు. నేడు ఉపాధి యనగానే మనకు కూలిపని హామీ పథకము గుర్తుకు వచ్చును. తర్కములో దాని యర్థము వేఱు. మన తెలుగువాడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహములో ఇచ్చిన యుదాహరణము అందఱకును తెలిసినదే. నిప్పున్నది గనుక పొగ యుండవలెనని యొకడు వాదించినాడు. కాని కమ్మరి కొలిమిలో ఎఱ్ఱగా కాలిన ఇనుపముద్దలో నిప్పున్నది, పొగ లేదు. పొగకు కావలసినది నిప్పు మాత్రమే కాదు, పచ్చికట్టె కూడ. మన పొయ్యిలో ఎప్పుడును పచ్చికట్టెయే యుండుటచేత, నిప్పునకే పొగయని భ్రమపడితిమి. ఆ పచ్చికట్టెయే ఉపాధి. మఱియొక యుదాహరణములో కుమ్మరి గాడిద వచ్చును. కుండ పుట్టుటకు ముందు గాడిద మన్ను మోసినది. అయినను గాడిద కుండకు కారణము గాదు, బండిమీద తెచ్చిన మంటితోను కుండ యగును. కారణమో కాదో తెలియుటకు దానిని తొలగించి చూడుమని తార్కికులు చెప్పినట్లే యున్నది. ప్రయోగమన్నను ఇదియే. తేడా యేమనగా, తార్కికుడు మనసులో తొలగించును, ప్రయోగము చేయువాడు నేలమీద తొలగింపవలెను.

ఇపుడు మన పత్తిచేనికి వత్తము. ముసుగుతోపాటు అధికారులు గుంపుగా పొమ్మనిరి, వేళ మార్చుకొమ్మనిరి. మూడును మంచి మాటలే. ప్రాణాపాయ సమయమున చేతికందినదెల్ల చేయవలసినదే. వారిని నేను తప్పుపట్టను. కాని ఆ పిదప దాడులు ఆగినవనుకొనుడు. ముసుగా కాచినది? గుంపు చేయు సందడియా? మంచు విడిచి ఎండ యెక్కినపిదప పోవుటయా? మూడింటిని ఒకే మూటగా కట్టియిచ్చినపుడు, మూటకు ఫలమున్నదని చెప్పవచ్చును గాని, మూటలోని ఏ వస్తువునకు ఫలమున్నదో చెప్పరాదు. ఇది తెలియక మఱుసటి యేడు ముసుగు నుంచుకొని గుంపును విడిచితిమా, గాడిదను దగ్గఱ నుంచుకొని మన్నును పాఱవైచినట్లగును.

మాసముల సంగతి చూడుడు. 2020 నవంబరు 11వ తేదీన దహెగాము మండలములోని దిగిడ కడ ఒక యువకుడు, అదే నెల 29వ తేదీన పెంచికలపేట మండలములోని కొండపల్లి కడ పత్తిచేనిలో ఒక బాలిక, 2022 నవంబరులో వాంకిడి మండలమున ఒక రైతు, 2024 నవంబరులో గన్నారము కడ యువతి పులివాత పడిరి. రెండు మరణములు 29వ తేదీననే జరిగినవని ఎవరైన తిథివార నక్షత్రములు వెదకినచో, అది కాకి వ్రాలగానే తాటిపండు పడిన న్యాయము, దానిని విడువుడు. నవంబరు మాసము మాత్రము విడువదగినది కాదు. అయితే నవంబరు పులిని పిలుచునా? నవంబరులో పత్తి మనిషియెత్తు పెరిగి, పులి దాగుటకు చాలినంత గుబురుగా నుండును. నవంబరులోనే తెల్లవాఱక మునుపే కూలీలు చేలకు పోదురు. నవంబరులో వారు వంగి పని చేయుదురు. వంగిన మనిషి నాలుగుకాళ్ల జంతువు ఎత్తుననే కనబడును. తల్లిని విడిచిన పడుచు పులులు తాడోబా వైపునుండి వార్ధా, ప్రాణహిత నదులు దాటి, క్రొత్త నెలవులు వెదకుచు ఈ తట్టునకు వచ్చుటయు కలదు. ఇవన్నియు ఒక్క మాసముననే కలిసి వచ్చుటచేత, నవంబరును మాత్రము చూచినవాడు వీనిలో అసలుదేదో చెప్పలేడు. పత్తి లేని యూళ్లలో, పత్తి యేఱుట ముగిసిన మాసములలో పులి తిరిగినపుడు ఏమి జరిగినదో కూడ చూచినగాని ముడి విడదు.

దీనినుండియే ఇంకొక మోసము పుట్టును. ఏ ఊరివారైనను రక్షోపాయము వెదకునది అపాయము మిన్నుముట్టినపుడే. మిన్నుముట్టినది తనంతట తానే కొంత తగ్గును. పత్తి ముగియును, చేలు బయలగును, పులి నది దాటిపోవును. జ్వరము దిగబోవు దినమున తాయెత్తు కట్టినవాని కీర్తివలె, ముసుగునకు కీర్తి వచ్చును.

పులులెన్ని యనునదియు ప్రశ్నయే. 2020 నాటి దాడులు ఒకే మగపులి పనియని అధికారులు అనుమానించిరి. అట్లయిన, వేయిమంది ముసుగులు కట్టినను పరీక్షకు నిలిచినది ఒక్క పులియే. ఒక పులికి ముసుగన్న వెఱపు, ఒక పులికి లేకపోవచ్చును. మనుష్యులలో పిఱికివాడును ధీరుడును లేరా? మఱియు దాడులు అరుదైనవి. నూఱుగురు ముసుగు కట్టి నెలదినములు పని చేసిరి, ఒక్కరికిని హాని లేదు. మంచిది. ప్రక్కయూరిలో ముసుగులేని నూఱుగురికి కూడ ఆ నెలలో హాని లేదు. ఆ మాట ఎవరును వ్రాసిపెట్టరు. హాని లేనిచోట లెక్క లేదు. లెక్క లేనిచోట పోలిక లేదు.

వీని యన్నింటికంటె నాకు వింతగొలుపునది ఇంకొకటి. ముసుగు పులిని మార్చినదా, మనిషిని మార్చినదా? తలవెనుక ముఖము కట్టుకొన్న కూలికి దినమంతయు పులి మాట మఱపునకు రాదు. మాటిమాటికి వెనుదిరిగి చూచును, దగ్గును, కేకవేయును, తోడివారిని విడువదు. పులి వెనుదిరిగినచో ముసుగులోని కన్నులకు గాక, తిరిగి చూచిన అసలు కన్నులకే వెనుదిరిగియుండవచ్చును. లేదా మఱొకడు ముసుగున్నది గదా యని మునుపు పోని పొదలలోనికి పోవును. రెండును మనిషిలో వచ్చిన మార్పులే.

మనిషి తెలియకయే జంతువు నడతను నడిపించుట మనకు సంక్రాంతి వాకిటిలో ఏటేట కనబడును. గంగిరెద్దుల వాడు “అమ్మగారికి దండము పెట్టు” మనగానే ఎద్దు వంగును, “అయ్యగారు ఇత్తురా?” అనగానే తలయూచును. ఎద్దునకు తెలుగు వచ్చునని మనమనుకొనము. సన్నాయి, డోలు, చేతిలోని పగ్గము దానికి సంజ్ఞలని మనకు తెలియును. అచ్చట సంజ్ఞ చేయుచున్నానని ఆడించువానికి తెలియును. తెలియకపోయినచో? జర్మనీ దేశములో బెర్లిన్ పట్టణమున ఫాన్ ఓస్టెన్ అను నొక ఉపాధ్యాయుని గుఱ్ఱము, హన్స్ అను పేరిది, లెక్కలడిగిన డెక్కతో నేల తట్టి సరియైన జవాబు చెప్పుచుండెను. యజమాని మోసగాడు కాడు, డబ్బు పుచ్చుకొనలేదు. ఆయన లేనపుడు పరులడిగినను గుఱ్ఱము చెప్పెను. 1904లో పెద్దలు కొందఱు పరీక్షించి ఇందు కపటము లేదనిరి. పిదప ఫుంగ్స్ట్ అను యువశాస్త్రజ్ఞుడు ఒక చిన్న మార్పు చేసినాడు. అడుగువానికి కూడ జవాబు తెలియకుండ ప్రశ్న నడిగించెను. గుఱ్ఱము తప్పెను. అడుగువాడు కనబడకుండ గంతలు కట్టెను. మరల తప్పెను. తట్టులు సరియైన సంఖ్యకు చేరగానే అడుగువాడు తనకు తెలియకయే తల రవంత పై కెత్తుచుండెను; గుఱ్ఱము ఆ కదలికను చూచి తట్టుట నిలుపుచుండెను. లెక్క రాలేదు గాని చూపు వచ్చినది. 1907లో ఆయన దీనిని గ్రంథముగా ప్రకటించెను. అప్పటినుండి జంతువుల నడతను పరీక్షించువారు మొదట జంతువును గాక తమ్ము తామే అనుమానించుకొనుట నేర్చిరి.

ఇక ముసుగువంటి యుపాయమును సరిగా పరీక్షించుట సాధ్యమా? సాధ్యమే, ఒకచోట చేసిరి. ఆఫ్రికాఖండమున బోట్స్‌వానా దేశములో ఒకవాంగో నదీప్రాంతమున పశువులను సింహములు చంపుచుండెను. కొందఱు శాస్త్రజ్ఞులు రైతులతో కలిసి, ఇటీవల నష్టపడిన 14 మందలను తీసుకొని, నాలుగేండ్లు పరీక్ష చేసి, 2020లో ఫలితము ప్రకటించిరి. వారు ప్రతి మందను మూడు భాగములు చేసిరి. ఒక భాగమునందలి పశువుల పిఱ్ఱలకు రెండువైపుల పెద్ద కన్నులు రంగుతో వ్రాసిరి. ఒక భాగమునకు ఏమియు వ్రాయలేదు. ఇంతవఱకు ఎవరికైనను తోచును. మూడవ భాగమునకు కన్నులు గాక, అదే చోట, గుణకారపు గుర్తువంటి గీతలు వ్రాసిరి.

ఆ మూడవ భాగమే ఈ పరీక్షకు ప్రాణము. ఎందుకనగా కన్ను వ్రాసిన పశువునకును వ్రాయని పశువునకును భేదము కన్నొక్కటే కాదు. దానిని పట్టి కట్టివేసిరి. రంగువాసన దానిపై నున్నది. దాని ఒంటిమీద మునుపు లేని క్రొత్త మచ్చ యున్నది. సింహము విడిచినచో వాసనకో, వింతమచ్చకో విడిచియుండవచ్చును. గీతల పశువు కన్నొకటి తప్ప తక్కిన వన్నియు పంచుకొన్నది. పైగా మూడు విధముల పశువులును ఒకే మందలో ఒకేచోట మేయుటచేత మేత, నీరు, కాపరి, సింహము అన్నియు వానికి సమానమే. పిలువని చుట్టముల నందఱను మూడు వాకిండ్లకును సమముగా పంచిరన్నమాట.

ఫలితము వినుడు. కన్నులు వ్రాసిన 683 పశువులలో పొంచి కొట్టు మృగము చంపినది ఒక్కటియు లేదు. ఏమియు వ్రాయని 835 పశువులలో 15 చచ్చినవి. గీతలు వ్రాసిన 543 పశువులలో 4 చచ్చినవి. ఈ నాలుగు అను అంకెను త్వరపడి దాటిపోవలదు. గీతలుకూడ కొంత కాచినవి. అనగా సింహము వింతమచ్చకు కూడ కొంత జంకినది. కాని కన్నులు అంతకంటె మిన్నగా కాచినవి. మూడవ భాగము లేకున్నచో, ఆ కొంతను కూడ కన్నుల ఖాతాలోనే వ్రాసియుందుము.

ఆ శాస్త్రజ్ఞులు తమ ఫలితమునకు హద్దులు తామే చెప్పిరి. మందలో వ్రాయని పశువులు ఎప్పుడును ఉన్నవి. సింహము కన్నులున్నదానిని విడిచి లేనిదానిని పట్టుకొన్నది. అన్నిటికిని కన్నులు వ్రాసినచో నేమగునో ఆ పరీక్ష చెప్పదు. ఏండ్లు గడచినకొలది మృగము ఈ మోసమును కనిపెట్టదా యనునదియు మిగిలియున్నది. వానికి నేనొకటి చేర్చెదను: అది సింహము, ఇది పులి, అది పశువు, ఇది మనిషి.

మనుష్యులతో ఇట్టి పరీక్ష చేయరాదు. ఊరి కూలీలను మూడు భాగములు చేసి, మీరు ముసుగుతో, మీరు ఉత్తతలతో, మీరు గీతలగుడ్డతో పులియెదుట నిలువుడని చెప్పుటకు ఎవరికిని అధికారము లేదు, ఉండరాదు కూడ. అందుచేతనే మనుష్యుల విషయమున మన తెలివి ఎప్పుడును కొంత కుంటుచు నడచును. కాని పశువులతో చేయవచ్చును. ఆసిఫాబాదు, సిర్పూరు, చెన్నూరు తట్టున మందలు అడవి యంచులలోనే మేయును. పులి పశువును చంపినచో అటవీశాఖవారు వచ్చి చూచి పరిహారము వ్రాయుదురు. అనగా చచ్చిన పశువు లెక్క ఇదివఱకే కాగితమున కెక్కుచున్నది. అచ్చులతో రంగు వేయుటకు అయ్యెడి వ్యయము స్వల్పము. ఒక మందలో మూడవవంతునకు కన్నులు, మూడవవంతునకు గీతలు వ్రాయవలెను. ఏ పశువు ఏ భాగమునకు పోవలెనో యజమాని యిష్టమునకు విడువక చీటీలు వేసి తీయవలెను. లేనిచో పాలిచ్చు బఱ్ఱెలకు కన్నులును ముసలి యెడ్లకు గీతలును వచ్చును. మనమందఱము ఎఱిగిన మనుష్య స్వభావమే. అప్పుడు వెనుకబడి నడచు ముసలియెద్దు చచ్చినచో అది గీతల నేరమగును.

అంతవఱకు చేనికి పోవువారు ముసుగు కట్టుకొనవలెనా? కట్టుకొనుడు. దాని వెల కొంచెము, హాని లేదు. గుంపు, ఎండవేళ, చేని యంచున పొదలు కొట్టుట, సందడి అనువానిని మాత్రము ముసుగు వచ్చినదని విడువరాదు. ముసుగు పనిచేయకున్నను ఇవి పనిచేయును. ఇవి పనిచేయకున్నచో ముసుగు పనిచేయునని నేను పూచీపడలేను.

ఊరి పెద్దలు చేయదగిన పని యొకటి యున్నది. దాని కొక నోటుపుస్తకము చాలును. పులి మీదపడిన దినములనే గాక, పులి కనబడి ఊరక పోయిన దినములను కూడ వ్రాయవలెను. ఈ రెండవవే పెక్కు, ఈ రెండవవే ఎవరును వ్రాయనివి. వేళ యెంత, చేనిలో ఎందఱున్నారు, పొద ఎంత దూరము, పైరు ఎంత ఎత్తు, కుక్క వెంట నున్నదా, ముసుగు కట్టియుండెనా అని వ్రాయుడు. ఇంటినుండి కట్టుకొని పోయినదానిని లెక్కింపవలదు. ఎండకు చెమటపట్టి మధ్యాహ్నమునకు విప్పినవారు కలరు. ఆ క్షణమున తలపై నుండెనా యనునదే కావలయును.

ఇంకొక గడి తప్పక విడువుడు. సుందరవనములలో తేనెకు పోవువాడు నిలిచి నడచును. వాని తలవెనుకనున్న ముఖము వెనుకకే చూచును. మన పత్తి యేఱునది వంగియుండును. వంగినప్పుడు ఆ ముఖము పులివైపు చూడదు, ఆకాశమువైపు చూచును. కావున పులి కనబడినపుడు ఆ మనిషి నిలిచియుండెనా, వంగియుండెనా యని ప్రతి సంగతి కెదురుగా వ్రాయుడు.